గుండు బల్బులా, ఇన్‌ఫ్రారెడ్ దీపమా, బొగ్గుల కుంపటా? కోడిపిల్లలకు ఏ వేడి మేలు?

"అక్కా, వంద పిల్లల్ని తెస్తున్నాం, బ్రూడర్‌కి ఏం పెట్టమంటావు?" బ్రూడర్ అంటే తల్లికోడి లేని పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటు. వానలు మొదలయ్యాయంటే నాకు ఈ ఫోన్లే. అడిగేవాళ్లలో ఎక్కువమంది వనరాజా, గ్రామప్రియ రకం కోళ్ల పిల్లల్ని తెచ్చుకుని పెరట్లో పెంచేవాళ్లు. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలన్న లెక్క వాళ్లకు తెలుసు. ఆ వేడి దేంతో ఇవ్వాలన్న దగ్గరే ఎటూ తేల్చుకోలేరు.

నేను తిరిగి ఒకటే అడుగుతాను. రాత్రి రెండింటికి కరెంటు పోతే మీ దగ్గర ఏముంది?

మా నెల్లూరు జిల్లా కావలి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక వాయుగుండం పోతే ఇంకొకటి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు నా షెడ్డులో తొమ్మిది రోజుల పిల్లలు నూట పది ఉన్నాయి. ముందు రోజు సాయంత్రమే కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఇన్‌ఫ్రారెడ్ దీపం నాలుగు గంటలు వెలిగి ఆరిపోయింది. వెచ్చగా ఉన్నప్పుడు పిల్లలు సన్నగా, తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు కిచకిచలాడతాయి. ఆ రాత్రి ఇంట్లో పడుకున్న నాకు గాలిహోరులో కూడా వాటి కీచు అరుపు వినపడింది. లాంతరు పట్టుకుని వెళ్లేసరికి అన్నీ ఒకే చోట కుప్పపడి ఉన్నాయి. చెయ్యి అడుగుకి పెట్టి తీస్తే కింద ఉన్నవి ఒళ్లంతా తడిసి, కాళ్లు చాచి, పల్చబడిపోయి వచ్చాయి. చలి కంటే పైవాటి బరువే వాటిని చంపింది, ఊపిరాడక పోయాయి. పదిహేడు. అప్పట్నుంచి ఏ బ్రూడర్ గురించి అడిగినా నా జవాబు ఆ రాత్రి నుంచే మొదలవుతుంది.

ముందు ఇన్‌ఫ్రారెడ్ దీపం సంగతి. 250 వాట్ల దీపం ఒక్కటి వేలాడదీస్తే వంద పిల్లలకి సరిపోతుంది. ఎర్ర వెలుతురులో ఒకదాన్నొకటి పొడుచుకోవడం కూడా తగ్గుతుంది. కానీ వేడంతా ఆ ఒక్క దీపంలోనే ఉంది. అది మాడిపోతే అంతే సంగతులు. వేడెక్కిన గాజు మీద చూరునీళ్లు ఒక్క చుక్క పడినా పగులుతుంది, కింద ఉన్నదేమో ఎండు ఊక. వాడేవాళ్లు దాని వైరుతో కాకుండా గొలుసుతో వేలాడదీయండి, ఊకకి అడుగున్నర పైన ఉంచండి.

గుండు బల్బులకి పిల్లకి రెండు వాట్లు అన్నది పాత లెక్క. వందకి అరవై వాట్లవి నాలుగు పెడితే చాలు. రేకు గొడుగు కింద నాలుగు హోల్డర్లు బిగించుకుంటే ఒకటి పోయినా మూడు వెలుగుతుంటాయి. వేడి ఎక్కువైతే ఒకటి తీసేస్తాం. నాకు ఇది నచ్చడానికి కారణం అదే. ఈమధ్య షాపులో బల్బు అడిగితే ఎల్ఈడీ చేతిలో పెడుతున్నారు. అది వెలుతురిస్తుంది గానీ పిల్లలకి చాలేంత వేడి ఇవ్వదు. లోపల తీగ ఉండే పాత రకమే కావాలని గట్టిగా అడగండి, దొరికినప్పుడు పది కొని దాచుకోండి. ఇంతకీ కరెంటు పోతే ఇవీ ఆరిపోయేవే.

అందుకే కుంపటి. మా వైపు సర్కారు తుమ్మ బొగ్గులకు కరువు లేదు. కరెంటుతో పనిలేదు, ఒకసారి రాజుకుంటే గంటల తరబడి వేడి నిలుస్తుంది. ప్రమాదం మాత్రం పెద్దది. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కంటికి కనపడదు. పిల్లలు తలలు వాల్చి తూగుతుంటే వెచ్చగా నిద్రపోతున్నాయని పొరపాటు పడతాం. కుంపటిని బయటే రాజేయండి. పొగ పోయి, బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర పట్టాకే లోపలికి తేవాలి. చుట్టూ ఇటుకలు పేర్చి, పైన చిల్లులు పొడిచిన ఇనప బేసిన్ బోర్లించాలి. గాలి కొట్టని వైపు, షెడ్డుకి కట్టిన పట్టా పైభాగంలో జానెడు ఖాళీ వదలాలి, ఎంత వాన కొట్టినా దాన్ని మూయకూడదు. కాపలా అని ఆ షెడ్డులో మనుషులు పడుకోవద్దు.

కాబట్టి నేను నడిపే పద్ధతి ఇది. రోజువారీకి నాలుగు బల్బులు, వాటితోపాటు రాజేయడానికి సిద్ధంగా ఒక కుంపటి, తడవని చోట బస్తా బొగ్గు. వాయుగుండం కబురు వింటే బొగ్గులు ఎండుగా ఉన్నాయో లేదో ముందు చూసుకుంటాను. పిల్లలు పాతిక లోపైతే కుంపటి కూడా అక్కర్లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాల్లో వేడినీళ్లు పోసి, గోనెపట్టా చుట్టి మధ్యలో పెట్టి, గంటకోసారి మారుస్తుంటే తెల్లారేదాకా గట్టెక్కుతాయి.

గ్యాస్ బ్రూడర్ వేల పిల్లలు పెంచే ఫారాలకి. వందకి దండగ. అట్టపెట్టెలో బల్బు దింపి పెంచేవాళ్లూ ఉన్నారు. పది పిల్లలకి రెండు మూడు రోజులైతే పర్లేదు.

తల్లికోడి ఉంటే దానికి మించింది లేదు. పది పన్నెండు పిల్లల్ని రెక్కల కింద కప్పుకుంటుంది, కరెంటు గొడవ అసలే లేదు. గద్ద, ముంగిస భయానికి గంప కింద మూస్తే చాలు. అయితే హేచరీ నుంచి వంద తెచ్చుకున్నవాళ్లకి ఇది కుదిరే పని కాదు.

ఏ వేడి పెట్టినా చుట్టూ గుండ్రంగా అడుగున్నర ఎత్తు రేకో అట్టో కట్టండి. మూలలుంటే అక్కడే కుప్పపడతాయి. వందకి మొదట ఐదారడుగుల వెడల్పు వలయం చాలు, తర్వాత రోజూ కాస్త జరపాలి. అంచుల్లో చల్లగా ఉండాలి. వేడి ఎక్కువైతే పిల్ల తనంతట తను బయటికి నడిచి రావాలి కదా! దీపం కిందికి ముద్దగా చేరితే చలి. రెక్కలు వాల్చి, నోళ్లు తెరిచి అంచులకి పోతే వేడి. అన్నీ ఒకే పక్కకి సర్దుకుంటే అవతలి పక్క పట్టాలో ఎక్కడో చిరుగుంది, చలిగాలి అక్కణ్ణుంచే దూరుతోంది.

ఇదంతా వానాకాలం, చలికాలం మాట. మేలో తెచ్చుకునేవాళ్లు నన్ను బల్బుల గురించి అడగనక్కర్లేదు. రోహిణి ఎండల్లో పగలు ఏ వేడీ పెట్టొద్దు. తెల్లవారుజామున పిల్లలు దగ్గరికి చేరితే ఒక బల్బు వెయ్యండి, పగలు నీళ్లపళ్లేలు నీడలో ఉన్నాయో లేదో చూసుకోండి.