మధుమేహుల గుండె పరీక్షల ప్యాకేజీ: రక్తం బాగానే తీశారు, నివేదికే సరిగా చదవలేదు

మధుమేహం ఉన్నవారి కోసమే ప్రత్యేకంగా రూపొందించామని చెప్పే గుండె పరీక్షల ప్యాకేజీని గత నెలలో ఒక డయాగ్నస్టిక్ కేంద్రంలో చేయించుకున్నాను. నాకు టైప్ 2 మధుమేహం వచ్చి తొమ్మిదేళ్లయింది. ఛాతీనొప్పి గానీ ఆయాసం గానీ ఇంతవరకు లేవు. పరీక్షలు చేసిన తీరుపై నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. మధుమేహుల పేరుతో అమ్ముతూ, వచ్చిన ఫలితాలను మాత్రం మధుమేహం లేనివారి కొలతలతో బేరీజు వేయడమే నా అభ్యంతరం.

పరగడుపున వెళ్లిన నన్ను పది నిమిషాల్లోనే లోపలికి పిలిచారు. నా చేతి నరాలు ఒక పట్టాన దొరికేవి కావు, అయినా రక్తం తీసిన అమ్మాయి మొదటి ప్రయత్నంలోనే తీయగలిగింది. సాయంత్రానికి 28 పేజీల నివేదిక ఫోనుకు వచ్చింది.

అందులో తొమ్మిది పేజీలు చక్కెరవే. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 7.4 శాతం అని చూపే అంకె ఒకటే అయినా దాన్ని గడియారంలా ఒకచోట, థర్మామీటరులా మరొకచోట బొమ్మ గీసి చూపించారు. కొలెస్ట్రాల్‌కు దక్కింది అర పేజీ. మొత్తం కొలెస్ట్రాల్ 196, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 118, రెండింటి పక్కనా ఆకుపచ్చ చుక్క. రక్తంలోని మరో రకం కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 210, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36, వీటికి పసుపు చుక్క. ఎల్‌డీఎల్ 130 లోపు ఉంటే చాలన్నది ఆ కేంద్రం అందరికీ వర్తింపజేసే హద్దు. మధుమేహంతో పాటు రక్తపోటు వంటి మరో ముప్పు కూడా ఉన్న నావంటి వారికి వైద్య మార్గదర్శకాలు సూచించే లక్ష్యం 70 లోపు. ఆ చుక్కను చూసి నిశ్చింతగా ఫైలు మూసేసేవారు ఎందరుంటారో ఊహించుకోవచ్చు.

పైగా నాలుగు అంకెలనూ విడివిడిగా చదివితే అసలు సంగతి బోధపడదు. శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి అదుపు లేకుండా చేరతాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లతో నిండిన రేణువులుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఆ క్రమంలోనే హెచ్‌డీఎల్ పడిపోతుంది, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, సాంద్రంగా మారతాయి. రేణువులు చిన్నవైనప్పుడు అదే 118కి వాటి సంఖ్య ఎక్కువగా ఉంటుంది, ధమని గోడలోకి చొరబడేవీ ఎక్కువవుతాయి. ఇన్సులిన్ నిరోధకత, ట్రైగ్లిజరైడ్లు, తక్కువ హెచ్‌డీఎల్, అధిక రక్తపోటు ఒకే గూటి పక్షులని అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ 1988లోనే చెప్పారు. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ తీసివేస్తే వచ్చే అంకె ఇలాంటి సందర్భంలో మరింత నమ్మదగినది. నా విషయంలో అది 160, లక్ష్యం 100 లోపు. ఒక్క తీసివేత లెక్క అది, 28 పేజీల్లో ఎక్కడా లేదు.

బీపీ సంగతి మరీ విచిత్రం. రెండు అంతస్తులు మెట్లెక్కి వచ్చిన నన్ను కూర్చోబెట్టీ పెట్టకముందే చొక్కా చేతి మీదుగా పట్టీ చుట్టి 152/88 అని రాసుకున్నారు. అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూడమంటే వరుసలో చాలామంది ఉన్నారన్నారు. చక్కెరతో ఇప్పటికే బిరుసెక్కుతున్న ధమనులకు బీపీ ఎంత ముఖ్యమో తెలిసినవారు ఇలా చేయరు. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో సగటు బీపీ 154/87గా ఉన్నవారికంటే 144/82కు తగ్గించినవారిలో పక్షవాతం 44 శాతం తక్కువగా కనిపించిందని 1998లో వెల్లడైంది. ఆ తేడా కేవలం పది పాయింట్లు. మెట్లెక్కిన వెంటనే, చొక్కా మడతల మీద కొలిస్తే అంతకు అంత తప్పు రావడం పెద్ద విషయం కాదు.

మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష ప్యాకేజీలో లేనే లేదు. కిడ్నీల కోసం రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపే వ్యర్థం) చూశాం కదా అన్నారు. క్రియాటినిన్ పెరిగేసరికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోతుంది. ఆల్బుమిన్ కారడం అంతకు ఎంతో ముందే మొదలవుతుంది, అది కిడ్నీలకే కాక ఒళ్లంతా రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటోందనడానికి గుర్తు. నేను అడిగి విడిగా చేయించుకుంటే గ్రాము క్రియాటినిన్‌కు 46 మిల్లీగ్రాములని వచ్చింది, 30 దాటకూడదు. డెన్మార్క్‌లో స్టెనో-2 అధ్యయనానికి ఎంచుకున్న 160 మంది ఇలా ఆల్బుమిన్ కారుతున్నవారే. చక్కెర, బీపీ, కొవ్వులు మూడింటినీ కలిపి గట్టిగా అదుపు చేసిన సగం మందిలో గుండె, రక్తనాళాల సమస్యల ముప్పు దాదాపు సగానికి తగ్గిందని 2003లో తేలింది. హెచ్‌బీఏ1సీని గట్టిగా 6 శాతం లోపుకు దించాలని చూసిన అకార్డ్ అధ్యయనంలోనైతే మరణాలు పెరగడంతో 2008లో ఆ చికిత్సను మధ్యలోనే ఆపేశారు. తొమ్మిది పేజీల బొమ్మలు గీసినవారికి ఈ రెండూ తెలిసి ఉండవలసింది.

ఈసీజీ నార్మల్. దాని కింద ‘మీ గుండె ఆరోగ్యంగా ఉంది’ అని అచ్చువేశారు. విశ్రాంతిగా పడుకున్నప్పటి ఈసీజీ అంత మాట చెప్పలేదు. పైగా ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో నరాలు మొద్దుబారి, గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. కాళ్లలో నాడి చూడడానికి మేజోళ్లు విప్పమని కూడా ఎవరూ అనలేదు. అదనంగా గుండె స్కాన్ చేయించుకోమని మాత్రం రెండుసార్లు ఫోన్ చేశారు. లక్షణాలు లేని 1,123 మంది మధుమేహులపై జరిగిన డయాడ్ అధ్యయనం (2009) అలాంటి స్కానింగ్ వల్ల గుండెపోట్లు, గుండె మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని చూపింది, అందుకే వద్దన్నాను.

ప్యాకేజీలో భాగమైన వైద్యుడి సంప్రదింపు ఫోనులో నాలుగు నిమిషాలు సాగింది. ఆకుపచ్చ చుక్క గురించి అడిగితే ఆయన ఒప్పుకున్నారు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు విషయం నా డాక్టరుతో మాట్లాడమన్నారు. ఆ మాట మర్యాదగా, సూటిగా చెప్పారు. హద్దులు మార్చమని కేంద్రానికి రాస్తే, అవి సాఫ్ట్‌వేర్‌లో అందరికీ ఒకేలా పెట్టినవనీ, మార్చడం వీలుకాదనీ జవాబిస్తూ, వచ్చే ఏడాది ఇదే ప్యాకేజీకి రాయితీ కూపన్ జతచేశారు. రక్తం తీసిన చేతికి అయిదుకు అయిదు, నివేదికకు ఒకటిన్నర.