మూడేళ్లుగా ఐసోలేటర్: గుంయ్‌మనే మోత పోయింది, అనుమంద్రం పలచబడింది

విశాఖ లాసన్స్ బే కాలనీలో మా అపార్ట్‌మెంట్ సముద్రానికి బాగా దగ్గర. కంప్యూటర్ ముందు కూర్చుని వీణ పాఠాలు చెబుతాను, పిల్లలు పంపే రికార్డింగులు విని తప్పులు దిద్దుతాను. అందుకే మూడేళ్ల కిందట కరెంటుతో నడిచే స్పీకర్ల జత ఒకటి కొన్నాను. పెట్టిన మొదటి రోజే గుంయ్‌మని మోత. దాన్ని పోగొట్టడానికి కంప్యూటర్‌కీ స్పీకర్లకీ మధ్య ఆడియో వైరులో పెట్టుకున్న ఐసోలేటర్ అనే చిన్న డబ్బా గురించే ఇదంతా. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ మోత 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర వినిపిస్తుంది. 100 అంటే మా సంగీతం లెక్కలో ఇంచుమించు ఐదు శ్రుతి (హార్మోనియంలో G). నా వీణ నాలుగు శ్రుతి (F). పిల్ల షడ్జం (స) మీటితే వెనకాల ఎవరో చతుశ్రుతి రిషభం (రి) ఆపకుండా పట్టుకున్నట్టు ఉండేది! దాని మీద మౌస్ కదిపినప్పుడల్లా కిర్రుమనే ఇంకో చప్పుడు.

ముందు స్పీకర్ల వైరు కంప్యూటర్ నుంచి పీకి, చార్జింగ్‌లో లేని ఫోన్‌కి పెట్టాను. నిశ్శబ్దం. అంటే స్పీకర్లు బాగానే ఉన్నాయి. మళ్లీ కంప్యూటర్‌కి పెడితే మోత మొదలు. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే సగం తగ్గింది. అప్పుడే సంగతి అర్థమైంది. కంప్యూటర్‌కి ఒక ఎర్త్, స్పీకర్లకి ఒక ఎర్త్, మధ్యలో ఆడియో వైరు రెండింటినీ కలుపుతోంది. రెండు ఎర్తుల మధ్య కాస్త వోల్టేజ్ తేడా ఉన్నా ఆ వైరు పై జాలీలోంచి కరెంటు పారుతుంది, అదే మోతగా వినిపిస్తుంది.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఆయన మల్టీమీటర్ ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే 18 వోల్టులు చూపించింది. "ఎర్త్ ఉందన్న పేరే గానీ లేదమ్మా" అన్నాడు. కింద గుంత ఎండిపోయి ఉంది, ఉప్పు గాలికి క్లాంపు తుప్పు పట్టి వేలితో నొక్కితే రాలిపోయింది. అది మార్పించాక 2 వోల్టులకి దిగింది. మోత బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

ఎర్త్ పిన్ను తీసేసి రెండు పిన్నుల అడాప్టర్ పెట్టమని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. మోత నిజంగానే పోతుంది. కానీ లోపల ఎక్కడైనా వైరు తగిలితే ఇనుప బాడీకే కరెంటు వస్తుంది, పట్టుకున్న మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఆ పని దయచేసి ఎవరూ చెయ్యకండి.

ఆ తరువాత కొన్నదే ఈ ఐసోలేటర్. రూ. 450కి వచ్చింది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్ల డబ్బా. లోపల ఎడమకి ఒకటి, కుడికి ఒకటి బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. అటు రాగి తీగకీ ఇటు రాగి తీగకీ సంబంధం ఉండదు, శబ్దం మాత్రం అయస్కాంత శక్తిగా దాటుతుంది. పెట్టిన క్షణం గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. మౌస్ కిర్రు కూడా స్పీకర్లలో మాయమైంది.

లోపం చెప్పాలి. నా వీణలో అనుమంద్రం, అంటే అన్నిటికంటే కింది స్వరం పలికే తీగ, దాదాపు 65 హెర్ట్జ్. అంత కింది స్వరానికి ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చాలదు, నాదం పలచబడుతుంది, గట్టిగా మీటితే కాస్త బొంగురుపోతుంది. కంప్యూటర్ వాల్యూమ్ 70 దగ్గర ఉంచి స్పీకర్లది పెంచితే బొంగురు పోయింది, పలచదనం మిగిలింది. సారణి, పంచమం, మంద్రం తీగల్లో నాకు తేడా తెలియలేదు.

పద్నాలుగో నెలలో కుడి వైపు చరచరమనడం మొదలైంది. ప్లగ్గు తీసి చూస్తే అంచున పచ్చటి చిలుము. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిస్తే సరిపోయింది. అప్పటి నుంచి మూడు నెలలకోసారి తుడుస్తున్నాను.

హెడ్‌ఫోన్స్ మాటకొస్తే, కంప్యూటర్ ముందు వైపు జాక్‌లో మౌస్ కిర్రు ఇప్పటికీ ఉంది. అది క్యాబినెట్ లోపల ఆడియో వైరు పట్టుకునే చప్పుడు, ఐసోలేటర్‌కి సంబంధం లేదు. దానికి యూఎస్‌బీ డాక్ (DAC, కంప్యూటర్ డిజిటల్ సంకేతాన్ని బయటే ఆడియోగా మార్చే చిన్న పరికరం) కొన్నాను, కిర్రు పోయింది. అదే డాక్‌ని ఐసోలేటర్ లేకుండా స్పీకర్లకి కలిపితే గుంయ్‌మనే మోత మళ్లీ వచ్చేసింది, ఎందుకంటే యూఎస్‌బీ వైరులో కూడా ఎర్త్ కలిసే ఉంటుంది. కిర్రుకి డాక్, మోతకి ఐసోలేటర్. కొత్తగా స్పీకర్లు కొనేవాళ్లయితే ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్నవి చూసుకోండి. అందులో వెళ్లేది వెలుతురే గనక ఎర్తులు కలవవు, ఈ డబ్బా అవసరమే రాదు.

నేను పాఠాలన్నీ ఈ డబ్బాతోనే వింటున్నాను. పిల్లల అనుమంద్రం శ్రుతి సరిచూడాల్సి వచ్చినప్పుడు మాత్రం డాక్‌కి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను.