పదహారు దాటిన పిల్లలకు చైల్డ్ బెనిఫిట్: హెచ్ఎంఆర్‌సీ ఆన్‌లైన్ సర్వీసు ఎలా ఉంది?

బ్రిటన్‌లో ఇయర్ 11 (పదహారేళ్లు నిండే ఏడాది తరగతి) చదివే పిల్లలున్న ఇంటికి వేసవి నాటికి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. ఆగస్టు తర్వాత కూడా మీ అమ్మాయి లేదా అబ్బాయి చదువుతారా, మానేస్తారా చెప్పమని దాని సారాంశం. జవాబివ్వకపోతే పదహారో పుట్టినరోజు తర్వాత వచ్చే ఆగస్టు 31తో చైల్డ్ బెనిఫిట్, అంటే పిల్లల పెంపకానికి ప్రభుత్వం తల్లిదండ్రులకు ఇచ్చే డబ్బు, ఆగిపోతుంది. సెప్టెంబరులో సిక్స్త్ ఫామ్‌లో (పదహారు తర్వాత ఎ లెవెల్స్ లాంటివి చదివే రెండేళ్లు) చేరి బుద్ధిగా చదువుకుంటున్నా సరే, ఆగిపోతుంది. స్కూలు వాళ్లు చెప్పేస్తారులే అని ఊరుకోవద్దు. చెప్పాల్సిన బాధ్యత క్లెయిమ్ చేసిన తల్లిదో తండ్రిదో.

ఆ జవాబు ఇచ్చే ఆన్‌లైన్ సర్వీసు గురించే ఈ రివ్యూ. వాడటానికి తేలికగా ఉంది, ఆ విషయంలో మంచి మార్కులే వేయాలి. కానీ తర్వాత పరిస్థితి మారితే ఏం చేయాలో అక్కడ ఎవరూ చెయ్యి పట్టుకుని చెప్పరు. డబ్బు పోయేది, లేదా తిరిగి కట్టాల్సి వచ్చేది ఎక్కువగా అక్కడే.

ముందు ఎంత డబ్బో చూద్దాం. 2025-26 రేట్ల ప్రకారం పెద్ద బిడ్డకు వారానికి 26.05 పౌండ్లు, తర్వాతి ప్రతి బిడ్డకూ 17.25 పౌండ్లు. సాధారణంగా నాలుగు వారాలకోసారి బ్యాంకులో పడుతుంది. ఒక్కరే బిడ్డ అయితే ఏడాదికి సుమారు 1,354 పౌండ్లు. ఎ లెవెల్స్ రెండేళ్లకు లెక్కేసుకుంటే ఒక ఉత్తరాన్ని సొరుగులో పడేసినందుకు అది చాలా పెద్ద మూల్యం. ఇద్దరు పిల్లలున్నచోట పెద్దవాడి చెల్లింపు ఆగిపోతే చిన్నవాడు పెద్ద రేటుకు మారతాడు. అంటే వారానికి తగ్గేది 26.05 కాదు, 17.25.

ఆన్‌లైన్‌లో జవాబివ్వడానికి రెండు దారులున్నాయి: ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకే, లేదా హెచ్ఎంఆర్‌సీ యాప్. ఉత్తరం మీదున్న క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే నేరుగా సరైన పేజీకే వెళ్తారు. ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలకు వాడే గవర్నమెంట్ గేట్‌వే లాగిన్ ఉన్నవాళ్లకు నిమిషాల్లో అయిపోతుంది. కూర్చునే ముందు ఏ కోర్సు, ఎక్కడ, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో దగ్గర పెట్టుకోండి. ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. క్లెయిమ్ అమ్మ పేరు మీద ఉంటుంది, ఆన్‌లైన్ పనులన్నీ నాన్న చూస్తాడు. ఆయన తన లాగిన్‌తో లోపలికి వెళ్తే ఆ క్లెయిమ్ కనిపించదు. ఎవరు క్లెయిమ్ చేశారో వాళ్ల ఖాతాతోనే వెళ్లాలి. ఆన్‌లైన్ కుదరనివాళ్లు చైల్డ్ బెనిఫిట్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కూడా చెప్పొచ్చు. అప్పుడు సిహెచ్‌బి అక్షరాలతో మొదలయ్యే చైల్డ్ బెనిఫిట్ నంబరు చేతిలో ఉంటే పని త్వరగా తెమిలిపోతుంది.

మేం గట్టిగా చెప్పే మాట ఒకటే: జీసీఎస్ఈ (ఇయర్ 11 చివర రాసే పరీక్షలు) ఫలితాల కోసం ఆగకండి. 2025లో ఇంగ్లండ్ ఫలితాలు ఆగస్టు 21న వచ్చాయి. గడువుకు మిగిలింది పది రోజులు. ఆ పది రోజుల్లో కాలేజీ ఎన్‌రోల్‌మెంట్, కోర్సు మార్పులు, కొందరికి ఇండియా ప్రయాణం, అన్నీ ఒక్కసారే మీద పడతాయి. పిల్లలు చదువు కొనసాగించాలనుకుంటున్నారంటే ఉత్తరం రాగానే ఆ మాట చెప్పేయండి. తర్వాత మనసు మారితే అప్పుడు మార్పు తెలియజేయొచ్చు.

ఏ చదువు లెక్కలోకి వస్తుందనే దగ్గర తికమక ఎక్కువ. చదువు ఫుల్‌టైమ్ కావాలి. అంటే టర్మ్ జరిగే రోజుల్లో సగటున వారానికి 12 గంటలకు మించి పర్యవేక్షణలో చదువో, కోర్సుకు సంబంధించిన వర్క్ ఎక్స్‌పీరియన్సో ఉండాలి. ఇంట్లో సొంతంగా చదివే గంటలు, భోజన విరామాలు ఇందులో కలవవు. మ్యాథ్స్, ఇంగ్లీష్ మాత్రమే మళ్లీ రాసే పిల్లల టైంటేబుల్ ఈ 12 గంటల దగ్గరే తేలిపోతుంది, కాబట్టి కాలేజీని ముందే అడగండి. ఎ లెవెల్స్, టి లెవెల్స్, స్కాటిష్ హయ్యర్స్, ఇంటర్నేషనల్ బాకలారియేట్, లెవెల్ 3 (ఎ లెవెల్స్ స్థాయి) వరకు ఎన్‌వీక్యూ వృత్తివిద్యా కోర్సులు సరిపోతాయి. డిగ్రీ, హెచ్ఎన్‌సీ లాంటి పైస్థాయి కోర్సులు పనికిరావు. ఇంగ్లండ్‌లో అప్రెంటిస్‌షిప్ కూడా పనికిరాదు. అది చదువుతో పాటు జీతమొచ్చే ఉద్యోగం కాబట్టి, మొదలవగానే చైల్డ్ బెనిఫిట్ ఆగుతుంది. ఉద్యోగ ఒప్పందంలో భాగంగా యజమాని చదివించే ఏ కోర్సుకైనా ఇదే వర్తిస్తుంది.

వయసు లెక్కలో ఒక మెలిక ఉంది. చెల్లింపు 20 నిండేవరకు రావచ్చు, కానీ ఆ కోర్సులో 19 నిండకముందే చేరి ఉండాలి, లేదా సీటైనా ఖాయమై ఉండాలి. పంతొమ్మిది దాటాక కొత్తగా చేరే కోర్సుకు రాదు. హోమ్ ఎడ్యుకేషన్ అయితే అది పదహారుకు ముందే మొదలై ఉండాలి. పిల్లలకు ప్రత్యేక విద్యావసరాలు ఉంటే ఆ తర్వాత మొదలైనా ఒప్పుకుంటారు.

శనివారం ఉద్యోగం చేస్తే బెనిఫిట్ పోతుందేమోనని చాలామంది భయపడతారు. చదువు కొనసాగుతున్నంతవరకు ఆ భయం అక్కర్లేదు. వారానికి 24 గంటలు, ఆపైన జీతానికి పనిచేస్తూ, అర్హత ఉన్న చదువులో లేకపోతేనే ఆగుతుంది. పిల్లలు తమ పేరు మీదే యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, పని లేనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం) లాంటివి తీసుకోవడం మొదలుపెట్టినా ఆగుతుంది.

మధ్యలో చదువు మానేస్తే వెంటనే చెప్పాలి. మానేసిన తర్వాత ఫిబ్రవరి చివర, మే 31, ఆగస్టు 31, నవంబరు 30 వీటిలో ఏది ముందు వస్తే అక్కడివరకు డబ్బు వస్తుంది. డిసెంబరులో మానేస్తే ఫిబ్రవరి చివరిదాకా అన్నమాట. ఆ తర్వాత పడిన ప్రతి పౌండూ తిరిగి కట్టాల్సిందే. ఇక్కడే చాలామందికి తెలియని 20 వారాల పొడిగింపు కూడా ఉంది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు చదువు వదిలి ప్రభుత్వ కెరీర్స్ సర్వీసులోనో, సైన్యంలో చేరడానికో పేరు నమోదు చేసుకుని, వారానికి 24 గంటల పనిలో లేకపోతే అడగొచ్చు. వదిలిన మూడు నెలల్లోపు మీరే అడగాలి. ఇంత అవసరమైన సాయాన్ని, మానేసినట్టు తెలియజేసే చోటే పెద్ద అక్షరాలతో చూపించాలని మా అభిప్రాయం. ఉద్యోగం దొరకని పిల్లవాడి ఇంటికే కదా అది కావాల్సింది.

యూనివర్సల్ క్రెడిట్ తీసుకునేవాళ్లు మరో చోట కూడా చెప్పాలి. హెచ్ఎంఆర్‌సీకి చెప్పినంత మాత్రాన, యూనివర్సల్ క్రెడిట్ చూసే శాఖ డీడబ్ల్యూపీకి చెప్పినట్టు కాదు. మీ యూనివర్సల్ క్రెడిట్ ఖాతాలో విడిగా తెలియజేయాలి. అక్కడ గడువు కూడా వేరు: యూనివర్సల్ క్రెడిట్‌లో బిడ్డ కోసం కలిపే భాగం 19వ పుట్టినరోజు తర్వాతి ఆగస్టు 31తో ముగుస్తుంది.

ఐటీ జీతాల ఇళ్లలో వినిపించే మాట, మాకు ఎలాగూ రాదు అని. 2024 ఏప్రిల్ 6 నుంచి లెక్క మారింది. దంపతుల్లో ఎక్కువ సంపాదించేవారి ఆదాయం 60,000 పౌండ్లు దాటాకే చైల్డ్ బెనిఫిట్‌ను వెనక్కి తీసుకునే టాక్స్ చార్జి మొదలవుతుంది, 80,000 దగ్గర మొత్తం పోతుంది. 60,000 దాటిన ప్రతి 200 పౌండ్లకు బెనిఫిట్‌లో ఒక శాతం. ఆదాయం 66,000 అయితే 30 శాతం, అంటే ఒక బిడ్డకు సుమారు 406 పౌండ్లు తిరిగి కట్టి 948 దాకా మిగుల్చుకోవచ్చు. పెన్షన్‌లో వేసే డబ్బు ఈ ఆదాయాన్ని తగ్గిస్తుంది. పాత పరిమితికి భయపడి చెల్లింపులు ఆపించుకున్నవాళ్లు మళ్లీ ఆన్‌లైన్‌లోనే మొదలుపెట్టించుకోవచ్చు. పూర్తిగా కొత్త క్లెయిమ్‌కు మాత్రం వెనక్కి మూడు నెలలే ఇస్తారు.

వీసా మాట కూడా చూసుకోండి. చైల్డ్ బెనిఫిట్ పబ్లిక్ ఫండ్స్ కిందకు వస్తుంది. స్కిల్డ్ వర్కర్ లాంటి వీసా మీద, పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదన్న షరతుతో ఉన్నవాళ్లు క్లెయిమ్ చేయకూడదు. ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చాక పిల్లలు ఇంకా సిక్స్త్ ఫామ్‌లోనే ఉంటే ఆలస్యం చేయకుండా క్లెయిమ్ వేయండి.

పిల్లలకే నేరుగా అందే సాయం దీనికి వేరు. ఇంగ్లండ్‌లో 16 నుంచి 19 బర్సరీ ఫండ్‌కు కాలేజీలోనే దరఖాస్తు చేయాలి. కేర్‌లో (స్థానిక ప్రభుత్వ సంరక్షణలో) పెరిగిన పిల్లలు, తమ పేరున కొన్ని బెనిఫిట్లు అందుకునేవాళ్లకు ఏడాదికి 1,200 పౌండ్ల వరకు వస్తుంది. మిగతావాళ్లకు ఎంతన్నది కాలేజీ నిర్ణయిస్తుంది. స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లలో ఈఎమ్ఏ అనే చదువు భత్యం ఇంకా నడుస్తోంది.