ఉన్నచోటే కొత్త ఇల్లా, ఊరి చివర కొత్త ఇల్లా?

బస్తీ జనాన్ని కొత్త ఇళ్లకు మార్చే రెండు దారులూ హైదరాబాద్‌లోనే కనిపిస్తాయి. సికింద్రాబాద్‌ ఐడీహెచ్ కాలనీలో శిథిలమైన పాత ఇళ్లు తీసేసి అదే జాగాలో 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు. 2015లో గృహప్రవేశాలు జరిగాయి. ఔటర్ రింగ్ రోడ్డు అవతల కొల్లూరులో 2023లో తెరిచినవి 15,660 ఇళ్లు.

సంఖ్యలో కొల్లూరుదే పైచేయి. నగరం నడిబొడ్డున అంత జాగా దొరకదు.

కానీ నాలుగిళ్లలో పాచిపని చేసుకునే అమ్మను తలుచుకోండి. ఆరింటికల్లా గిన్నెలు తోమాల్సిన ఇల్లు సికింద్రాబాద్‌లో ఉంటే, కొల్లూరు నుంచి బస్సులు మారి చేరేసరికి ఎంతవుతుంది? ఆ ఇంటివాళ్లు కొన్నాళ్లు ఓర్చుకుంటారు, తర్వాత వేరే మనిషిని చూసుకుంటారు. ఉన్నచోటే కడితే అదే పని, అదే బడి, అప్పు రాసుకునే అదే కిరాణా కొట్టు. కష్టమల్లా కట్టేన్నాళ్లూ తలదాచుకోవడమే. ఆ నెలల అద్దె సర్కారే భరించాలి.

నా మనసు ఉన్నచోటికే మొగ్గుతుంది. దూరం పంపక తప్పకపోతే తాళంచెవి చేతిలో పెట్టి ఊరుకోకూడదు. సామాను బండి, పిల్లల టీసీలు, రేషన్ కార్డులో చిరునామా, తెల్లవారుజాము బస్సు ముందే చూడాలి. ఇళ్లు పంచడానికి లాటరీ తీసినా ఒక గల్లీవాళ్లను ఒకే బ్లాకులో ఉంచాలి. మోకాళ్ల నొప్పుల ముసలమ్మకు కింది అంతస్తే ఇవ్వాలి.