జడ్చర్ల నుంచి అలంపూర్ దాకా కాలినడక: కన్యాకుమారికి ముందు పరీక్ష

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మన పాలమూరు మీదుగానే పోతుంది. దాని మీద కన్యాకుమారి దాకా నడవాలనుకునేవాళ్లు ముందు జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా నడిచి చూడండి. 100 కిలోమీటర్ల పైనే ఉంటుంది. మా తమ్ముడు, నేను సంక్రాంతి దాటాక బయలుదేరాం. ఎండాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

ఈ రోడ్డు వేసింది బండ్ల కోసం. దాబాకూ దాబాకూ మధ్య కారుకు పది నిమిషాలైతే, నడిచేవాడికి మూడు గంటలు. భూత్పూర్ దాటాక అడ్డాకుల దాకా చాలాచోట్ల నీడ కూడా దొరకదు. అందుకని మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్లు వెంట ఉండాలి. చెమట ధారగా కారుతుంటే ఉత్త నీళ్లే తాగుతూ పోవడం కూడా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పడిపోతుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసుకు కొంచెం కొంచెం కాదు. మూత్రం ముదురు పసుపులోకి వచ్చిందంటే అక్కడే ఆగిపోండి. తిండికి టెన్షన్ లేదు. జొన్నరొట్టెలు, పల్లీలు, బెల్లం మూటగట్టుకుంటే చాలు.

ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడివైపు అంచున నడిచాం, మెరిసే పట్టీల జాకెట్లు వేసుకుని. చీకటి పడ్డాక ఒక్క అడుగు కూడా వేయలేదు. "బండి ఖరాబైందా అన్నా, ఎక్కుండ్రి" అని ఎంతమంది ఆపారో! పాలమూరు మనుషుల మంచితనం నడిస్తేనే తెలుస్తుంది.

కొత్తకోటలో దిగిన లాడ్జిలో దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. గది మాత్రం రోడ్డు వైపు ఇచ్చారు, లారీల హారన్లకు కన్ను మూతపడలేదు. నిద్ర లేకపోతే మర్నాడు కాళ్లు కదలవు. వంద ఎక్కువైనా వెనక గదే అడగండి. పెబ్బేరులో టీ తాగి కదిలాం.

అన్నిటికన్నా బీచుపల్లి నచ్చింది. కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామి గుడి, నీడ, గాలి. మధ్యాహ్నమంతా అక్కడే బూట్లు విప్పి పాదాలు ఆరబెట్టుకున్నాం. బొబ్బలు లేచేది తడి సాక్సులతోనే. రెండో జత లేకుండా బయలుదేరొద్దు. పాదాలు వాస్తాయి కాబట్టి బూటు కొంచెం వదులుగా ఉండాలి, ముందే పాతబడి ఉండాలి. నదిలోకి మాత్రం దిగలేదు, లోతు తెలియని నీళ్లు.

అలంపూర్ ఊరు చౌరస్తా నుంచి బాగా లోపలికి ఉంది, ఆటోలో పోయాం. జోగులాంబ దర్శనం, నవబ్రహ్మ ఆలయాలు చూడటానికి ఒక పూట పెట్టుకోండి.

పెద్ద నడకకు ముందు డాక్టర్‌ను కలిసి టీటీతో (ధనుర్వాతం టీకా) పాటు కుక్కకాటు టీకా కూడా ముందుగా వేయించుకోవచ్చేమో అడగండి. ఊళ్ల దగ్గర కుక్కలు గుంపుగా వస్తాయి. కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో కడిగి, టీకా ముందే వేసుకున్నా సరే, వెంటనే ఆసుపత్రికి పోవాలి. హైవే మీద ఆపదకు 1033, అంబులెన్స్‌కు 108. ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు, ఇంటివాళ్ల నంబరుతో పాటు ఇవి కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.