స్టేషన్ దిగాక ఏ రేవుకి? నేపుల్స్ నుంచి ప్రోచిద దాకా

నేపుల్స్ సెంట్రల్ స్టేషన్ నుంచి దీవుల పడవలెక్కే రేవు ఎంత దూరమని వెతికితే సుమారు రెండున్నర కిలోమీటర్లని వస్తుంది. ఆ లెక్క నిజమే. ఆ లెక్క నమ్ముకునే మేము మొదటి ఓడ పోగొట్టుకున్నాం. మేము తప్పింది దూరం దగ్గర కాదు, రేవు దగ్గర.

అక్టోబరులో అమ్మా నేనూ రోమ్‌లో పొద్దున హైస్పీడ్ రైలెక్కాం. గంటా పది నిమిషాల్లో నేపుల్స్. వెళ్ళాల్సింది ప్రోచిదకి. ఈ అఖాతంలో టూరిస్టులు వెళ్ళే మూడు దీవుల్లో అదే చిన్నది, నాలుగు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. మిగతా రెండూ కాప్రి, ఇస్కియా. మధ్యాహ్నం ఓడకి ఆన్‌లైన్లో టికెట్లు తీసి ఉంచాను, చేతిలో రెండు గంటల టైముంది, ఇంక టెన్షన్ దేనికని స్టేషన్లోనే కూర్చుని నింపాదిగా కాఫీ తాగాం.

తర్వాత మెట్రో దిగి మోలో బెవెరెల్లో అనే రేవుకి వెళ్ళాం. కొత్త టెర్మినల్, అద్దాల గోడలు, వరసగా టికెట్ కౌంటర్లు. గేటు దగ్గరున్నాయన నా ఫోను చూసి తల అడ్డంగా ఊపాడు. కుడిచెయ్యి చాచి, రేవు వెంబడి దూరంగా కనిపిస్తున్న తెల్లటి పెద్ద ఓడల్ని చూపించి "పోర్తా ది మాస్సా" అన్నాడు. మా ఓడ బయల్దేరేది అక్కడి నుంచట. టికెట్లో ఆ పేరు ఉండనే ఉంది, చిన్న అక్షరాల్లో. నేనే చూసుకోలేదు.

నడకలో అమ్మకి నేను సరిపోను, మెట్లంటేనే ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోవు. ఇద్దరం సూట్‌కేసులు లాక్కుంటూ పావుగంట పరుగులాంటి నడక నడిచాం. నేపుల్స్ వీధుల్లో చాలాచోట్ల నల్లటి అగ్నిశిలల పలకలు పరిచి ఉంటాయి. వాటి మధ్య సందుల్లో సూట్‌కేసు చక్రం ఇరుక్కుంటే ఎత్తి తియ్యాల్సిందే. మేము చేరేసరికి ఓడ వెనకభాగంలో కార్లు ఎక్కే ర్యాంపు గొలుసుల మీద మెల్లగా పైకి లేస్తోంది.

"అదేనా మనది?" అంది అమ్మ.

"అదే."

"అంత పెద్దదాన్ని ఎలా మిస్సయ్యావురా?"

కౌంటర్లో అడిగితే డబ్బు వెనక్కి రాదన్నారు. తర్వాతి ఓడకి రెండు గంటల పైనే ఆగాలి. ఈలోగా ప్రోచిదకి స్పీడ్ బోటు ఒకటుంది. అది ఎక్కడి నుంచంటారా? బెవెరెల్లో నుంచి. వచ్చిన దారినే మళ్ళీ నడిచాం.

అందుకే ఈ మార్గంలో వెళ్ళేవాళ్ళు దారి కన్నా ముందు పడవ సంగతి తేల్చుకోండి. నేపుల్స్ నుంచి దీవులకి రెండు రకాలు నడుస్తాయి. అలిస్కాఫో అంటే వేగంగా వెళ్ళే చిన్న పడవ, మనుషులకి మాత్రమే. ఇవి ఎక్కువగా బెవెరెల్లో నుంచి బయల్దేరతాయి. త్రగెత్తో అంటే కార్లనీ లారీలనీ కూడా మోసే పెద్ద ఓడ. ఇవి కలాతా పోర్తా ది మాస్సా నుంచి. రెండు చోట్ల మధ్యా దాదాపు కిలోమీటరు. మెర్జెల్లీనా అని ఊరికి పడమరగా ఇంకో రేవుంది, అక్కణ్ణుంచి కొన్ని అలిస్కాఫోలు పోతాయి. అంటే టికెట్లో కంపెనీ పేరూ టైమూ చూసుకుంటే చాలదు, రేవు పేరు చూసుకోవాలి.

రేవు తెలిస్తే స్టేషన్ నుంచి దారి తేలిక. మెట్రో ఒకటో లైన్ గరిబాల్ది స్టేషన్లో ఎక్కాలి, అది సెంట్రల్ కిందే ఉంది. తర్వాత వరసగా దువోమో, ఉనివెర్సితా, మునిచీపియో. అలిస్కాఫో అయితే మునిచీపియోలో దిగి, పక్కనే కనిపించే కోటని చూసుకుంటూ కిందికి నడిస్తే బెవెరెల్లో. పెద్ద ఓడ అయితే ఒక స్టాపు ముందే, ఉనివెర్సితాలో దిగి రోడ్డు దాటుకుని పోర్తా ది మాస్సాకి. ఈ రెండో సంగతి ముందే తెలిసుంటే మా ఓడ మాకు దొరికేది.

ఒకటో లైను అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, అదే స్టేషన్ కింద రెండో లైనూ ఉంది, పొంపేయి, సొరెంటో వైపు పోయే చిన్న రైలూ ఉంది. బాణం గుర్తులన్నీ ఒకే స్తంభం మీద ఉంటాయి. ఒకటో లైను బాగా లోతులో ఉంది. ఎస్కలేటర్ తర్వాత ఎస్కలేటర్, ఇంకా అయిపోలేదా అనిపిస్తుంది. రద్దీ వేళల్లో పెద్ద సూట్‌కేసుతో రైల్లోకి దూరడం కష్టం. జేబులు, హ్యాండ్‌బ్యాగులు జాగ్రత్త. టికెట్ పొగాకు షాపుల్లో అమ్ముతారు, నేను మాత్రం గేటు దగ్గర బ్యాంకు కార్డే ఆనించి వెళ్ళాను.

ఇంత తిట్టుకున్నా ఆ స్టేషన్లు చూడదగ్గవే. ఊళ్ళో ఈ లైను తవ్వినప్పుడు దొరికిన పురాతన వస్తువుల వల్లే పనులు ఏళ్ళ తరబడి సాగాయి. మునిచీపియో దగ్గర తవ్వితే రోమన్ల కాలం నాటి రేవూ, అందులో మునిగిన ఓడలూ బయటపడ్డాయి. మనం పడవ కోసం దిగే చోట వాళ్ళూ పడవ కోసమే దిగారన్నమాట. ఇంకో స్టాపు ముందుకెళ్తే తొలేదో స్టేషన్, 2012లో తెరిచారు. ఎస్కలేటర్ మీద నుంచి తల ఎత్తితే నీలం రంగు మొజాయిక్ మధ్యలోంచి వెలుగు దిగుతూ ఉంటుంది. తిరుగు ప్రయాణంలో దానికోసమే ఒక స్టాపు అదనంగా వెళ్ళొచ్చాం.

సామాను ఎక్కువుంటే ఆలిబస్ మంచిది. ఎయిర్‌పోర్టు నుంచి సెంట్రల్ మీదుగా రేవు దాకా వెళ్ళే బస్సు, మేము వెళ్ళినప్పుడు 5 యూరోలు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం ఇంతే సంగతులు. నడిచేవాళ్ళకి కోర్సో ఉంబెర్తో అనే వెడల్పాటి వీధి ఉంది. 1884లో కలరా వచ్చి వేలమంది పోయాక, ఇరుకు సందుల్ని కొట్టేసి వేసిన రోడ్డు అది. స్టేషన్ ముందు నుంచి ఉనివెర్సితా స్టేషన్ దాకా తిన్నగా వెళ్ళిపోతుంది. చేతిలో సామాను లేకపోతే నేనైతే నడిచే వెళ్తాను.

సరే, ఆ రోజు అలిస్కాఫో ఎక్కాం. పెద్ద సూట్‌కేసులకి విడిగా టికెట్ కొనమన్నారు. నలభై నిమిషాల్లో దించాడు, కాదనను. కానీ లోపల బస్సులో కూర్చున్నట్టే. ఉప్పు నీరు ఎండి కిటికీ అద్దాలు మసకబారి ఉన్నాయి. వెసూవియస్ కొండ కనిపిస్తుందని అమ్మకి ఊరించి తెచ్చానా, ఆవిడకి కనిపించింది ఏదో బూడిదరంగు మచ్చ. పెద్ద ఓడకి గంట పడుతుంది, టికెట్ తక్కువ, పైన డెక్ మీద గాలికి నిలబడొచ్చు. తొందర లేనివాళ్ళకి నా ఓటు దానికే.

ప్రోచిదలో దిగేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా పడవలు ఇక్కడ కాసేపే ఆగి ఇస్కియాకి పోతాయి. అనౌన్స్‌మెంట్ అర్థం కాకపోవచ్చు. పసుపు, గులాబి, లేత నీలం రంగుల ఇళ్ళ వరస దగ్గరపడుతోందంటే సామానుతో కిందికి దిగి రెడీగా ఉండాలి.

బస రేవు పక్కనే, మరీనా గ్రాందే వెనక సందులో తీసుకున్నాం. అందరూ కొర్రిచెల్లాలో దిగమంటారు. ఫొటోల్లో కనిపించే అందమంతా అక్కడే, జాలరుల ఇళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. కానీ అక్కడికి బండి పోదు, మెట్లు దిగే వెళ్ళాలి. సూట్‌కేసులతో, అమ్మ మోకాళ్ళతో అది నా వల్ల కాదనుకున్నాను. సరైన పనే చేశాను. తెల్లవారుజామునే ఓడల ఇంజిన్ల చప్పుడుకి మెలకువ వచ్చేస్తుంది, మా గదికి అదొక్కటే లోటు. ఇల్లుగలావిడకి ఇంగ్లీషు రాదు, అమ్మకి ఇటాలియన్ రాదు. ఇద్దరూ రెండు రోజులూ హాయిగా మాట్లాడుకున్నారు. బీచ్ కావాలంటే దీవికి ఆ చివర కియాయొలెల్లా ఉంది, బస్సు వెళ్తుంది.

2022లో ఇటలీ సాంస్కృతిక రాజధానిగా ఈ దీవినే ఎంచుకున్నారు. అయినా అక్టోబరులో సందడి తక్కువే. పైన తెర్రా మురాతా అనే కోట పేటలో పాత జైలుంది, 1988 దాకా అందులో ఖైదీలుండేవారు. సముద్రం మీద అంత మంచి వ్యూ ఉన్న జైలు ఇంకోటి చూడలేదు. అమ్మకి మాత్రం గుర్తుండిపోయింది నిమ్మకాయ సలాడు. ఇక్కడి నిమ్మకాయలు మన దబ్బకాయంత, లోపలి తెల్లటి మెత్త వేలెడు మందం. ఆ మెత్తతో సహా ముక్కలు కోసి, నూనె, పుదీనా, మిరపకాయ కలిపి పెడతారు. చేదుండదు. అమ్మ మూడు ముక్కలు తిని, "దీన్ని ఉప్పులో ఊరేస్తేనా" అంది.

తిరిగొచ్చే రోజు గాలి లేచింది. రేవులో బోర్డు మీద అలిస్కాఫోల పేర్ల పక్కన వరసగా రద్దు, రద్దు. పెద్ద ఓడ నడిచింది. సముద్రం పొంగితే ముందు ఆగేవి చిన్నవే కాబట్టి, దీవి నుంచి వచ్చిన రోజే దూరం రైలుకి టికెట్ పెట్టుకోకండి, పెట్టుకున్నా మధ్యలో మూడు నాలుగు గంటలు వదలండి. పొజ్జువోలి నుంచి కూడా ప్రోచిదకి ఓడలున్నాయి, సెంట్రల్ నుంచి రెండో లైను రైల్లో ఆ ఊరు వెళ్ళొచ్చు. కానీ అక్కడ నేలే మెల్లగా పైకి లేస్తోంది. భూమి కాస్త గట్టిగా కదిలితే రైళ్ళు ఆపి పట్టాలు చూసుకుంటారు. సామానుతో ఆ దారిని నేను ఎంచుకోను.

నేపుల్స్‌లో మిగిలిన రెండు రాత్రులకీ ఉనివెర్సితా స్టేషన్ దగ్గర గది తీశాను. స్టేషన్ ఎదురుగా ఉన్న హోటళ్ళు ఇంకా చవకే. రాత్రి పొద్దుపోయాక దిగేవాళ్ళకీ, పొద్దున్నే రైలున్నవాళ్ళకీ అవి పనికొస్తాయి. కానీ ఆ చౌరస్తా రాత్రిపూట రణగొణధ్వనే, అమ్మతో అక్కడ ఉండాలనిపించలేదు. పడవ కోసమే ఊళ్ళో ఉండేవాళ్ళు రేవు వైపు నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా నయం. మా గది మూడో అంతస్తులో. లిఫ్టు ఉందని రాశారు గానీ, అది నాణెం వేస్తే తప్ప కదలదని రాయలేదు.

మర్నాడు గాలి తగ్గింది, సామాను గదిలోనే వదిలి కాప్రికి వెళ్ళొచ్చాం, బెవెరెల్లో నుంచి యాభై నిమిషాలు. ప్రోచిద చూసిన కళ్ళకి కాప్రి తిరనాళ్ళలా అనిపించింది. రేవులో దిగగానే పైకెళ్ళే ఫ్యూనిక్యులర్‌కి, అంటే కొండవాలు మీద తాడు లాగే రైలుకి క్యూ, దాని టికెట్‌కి వేరే క్యూ. నీటి మీద ఇంకా అలజడి ఉండటంతో నీలం వెలుగు చూడ్డానికి పడవలో వెళ్ళే సముద్రపు గుహ బ్లూ గ్రొట్టో మూసేశారు. దీవిలోనే పైన ఉన్న అనాకాప్రి అనే ఊళ్ళో మోంతే సొలారో కొండ ఎక్కే కుర్చీల రోప్‌వే మాత్రం పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. ఒక్కొక్కళ్ళకి ఒక్కో కుర్చీ, పదమూడు నిమిషాలు, 589 మీటర్ల ఎత్తుకి. మోకాళ్ళతో పనే లేదు. ముందు కుర్చీలో అమ్మ కాళ్ళు ఊపుకుంటూ, ఎవరివో కూరగాయల మడుల మీదుగా పైకి వెళ్ళిపోయింది.

ఆఖరి రోజు స్టేషన్‌కి ట్యాక్సీ మాట్లాడాను. ఇక్కడ కొన్ని రూట్లకి మీటరు కాకుండా ఖాయం చేసిన రేటు ఉంటుంది, ఆ పట్టిక కారులోనే పెట్టాలి, కానీ బండి కదలక ముందే మనం అడగాలి. డ్రైవరు చెయ్యి మీటరు మీదికి వెళ్తుంటే "తరిఫ్ఫా ప్రెదెతెర్మినాతా" అన్నాను, రాత్రంతా బట్టీపట్టిన మాట. ఆయన అద్దంలో నన్నొకసారి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, రేడియో పెట్టాడు.