అవలాన్: హన్మకొండలో కొన్నేళ్లు ఆడిన తరువాత

డాన్ ఎస్క్రిడ్జ్ రూపొందించగా 2012లో వెలువడిన ‘ది రెసిస్టెన్స్: అవలాన్’ అనే, దాక్కున్న ద్రోహులను పసిగట్టే కార్డుల ఆట కొన్నేళ్లుగా హన్మకొండలోని మా ఇంట్లో ఉంది. దసరాకో సంక్రాంతికో కరీంనగర్ నుంచి, హైదరాబాదు నుంచి చుట్టాలు దిగితే ఈ చిన్న పెట్టె అల్మారా దిగుతుంది. అరగంటలో ముగిసే ఆటే అయినా, ప్రతి ఓటు మీదా పంచాయితీ పెట్టే మా ఇంట్లో ముప్పావుగంటకు తక్కువ పట్టదు.

ఐదుగురి నుంచి పదిమంది వరకు ఆడవచ్చు. ఏడుగురు కూర్చుంటే నలుగురు ఆర్థర్ రాజు పక్షం, ముగ్గురు వాళ్లలో కలిసిపోయిన ద్రోహులు. ద్రోహులు ఒకరినొకరు ఎరుగుదురు. ఎదుటి పక్షంలోని మామూలు మనుషులకు తమ సంగతి తప్ప మరేదీ తెలియదు. నాయకుడు ఒక జట్టును ప్రతిపాదిస్తాడు, అందరూ ఒకేసారి బాహాటంగా ఓటు వేస్తారు, జట్టు ఒప్పుదలయితే అందులోని వాళ్లు తమ కార్డులను బోర్లించి ఇస్తారు. వాటిలో ఒక్క ఫెయిల్ కార్డు ఉన్నా ఆ క్వెస్టు, అంటే జట్టు చేపట్టిన కార్యం, పోయినట్టే. ఏడుగురు, అంతకు మించి ఆడేటప్పుడు నాలుగో క్వెస్టుకు మాత్రం రెండు ఫెయిళ్లు పడాలి. వరుసగా ఐదు జట్లను తిరస్కరిస్తే ఆట నేరుగా ద్రోహుల పరమవుతుంది కాబట్టి, అనుమానం ఉన్నా ఎక్కడో ఒకచోట ఒప్పుకోక తప్పదు.

ఆట ప్రాణమంతా ఆర్థర్ పక్షంలోని మెర్లిన్ పాత్రలో ఉంది. ద్రోహులెవరో అతనికి మొదటే తెలుసు, కానీ ఆ తెలివి బయటపడకూడదు. ఎందుకంటే ఐదింటిలో మూడు క్వెస్టులు గెలిచినా, చివర్లో హంతకుడి పాత్రధారి మెర్లిన్ ఎవరో సరిగ్గా చెప్పగలిగితే ఆ గెలుపు ద్రోహులదే అవుతుంది. మొన్న సంక్రాంతికి మా వదినకు ఈ పాత్ర వచ్చింది. బావ ద్రోహి అని తెలిసి కూడా ఆమె రెండో జట్టులో ఆయనకు ఓటు వేసి, ఆ క్వెస్టు పోగొట్టి, పక్కనున్న మా తమ్ముడు గట్టిగా అరుస్తుంటే సకినం కొరుకుతూ వింటూ కూర్చుంది. చివర్లో బావ తమ్ముణ్ణే మెర్లిన్ అనుకొని ఓడిపోయి, “చెల్లె, రెండో జట్టుల నన్నెందుకు ఒప్పుకున్నవ్?” అని అడిగితే, “నాకేం ఎర్క అన్నా, నీ మొఖం జూసి ఒప్పుకున్న” అంది. ఎప్పుడూ సరైన ఓటే వేసే మెర్లిన్ దొరికిపోతాడు. ఏ క్వెస్టును వదులుకోవాలో తెలిసినవాడే బతికి బయటపడతాడు.

1986లో మాస్కో విశ్వవిద్యాలయంలో దిమిత్రి దవీదోవ్ మొదలుపెట్టిన ‘మాఫియా’ అనే ఇలాంటి ఆటను మేము ముందు ఆడేవాళ్లం. అందులో మొదటే చంపబడ్డవాళ్లు వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకోవలసిందే. అవలాన్‌లో ఎవరూ మధ్యలో బయటికి పోరు, పైగా నిందలకు ఆధారంగా అందరి కళ్ల ముందు పడిన ఓట్లు ఉంటాయి. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు ఇది చాలా పెద్ద సుగుణం.

లోపాలూ ఉన్నాయి. ఐదుగురితో ఆట పలచబడుతుంది. ఏడెనిమిది మందితోనే దాని రుచి. నిత్యం అదే మనుషులతో ఆడితే ఎవరు అబద్ధమాడేటప్పుడు గొంతు తగ్గిస్తారో అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు తానూ మెర్లిన్‌లాగే కనిపించి, ఇద్దరిలో అసలు మెర్లిన్ ఎవరో తేల్చుకోమని ఆర్థర్ పక్షంలోని పర్సివల్‌ను తికమక పెట్టే మోర్గానాను, మెర్లిన్ కంటికి కూడా కనిపించని మోర్డ్రెడ్‌ను కలిపితే ఆట మళ్లీ బిగుస్తుంది. తోటి ద్రోహులకే తెలియని ఓబెరాన్‌ను మాత్రం కొత్తవాళ్లున్నప్పుడు తీయవద్దు. వాళ్లకు మొదటి ఆటలోనే విసుగొస్తుంది. మాట మీద మనసు కష్టపెట్టుకునే మనిషి ఒక్కరున్నా ఆ పూటకు పత్తాలాట పెట్టుకోవడం మేలు.

ఆట మొదట్లో, ద్రోహులు ఒకరినొకరు, మెర్లిన్ వాళ్లను గుర్తుపట్టేందుకు అందరూ కళ్లు మూసుకొని, పిడికిలి ముందుకు చాపే ఘట్టంలో చప్పుడు పెద్ద సమస్య. ఎండాకాలంలో కూలర్ మోత అన్నిటినీ కప్పేస్తుంది గానీ, చలికాలపు నిశ్శబ్దంలో నవారు మంచం కిర్రుమన్నా ఎవరు కదిలారో తెలిసిపోతుంది. అందుకే ఆ కాసేపు మేమంతా రెండో చేత్తో తొడ మీద దరువు వేస్తాం.

ఇక కార్డుల సంగతి. సకినాల నూనె అంటిన వేలితో ముట్టుకుంటే వెనకవైపు మరక పడుతుంది, ఆ మరకను బట్టి మెర్లిన్ కార్డును పిల్లలు కూడా గుర్తుపడతారు. మా ఇంట్లో అదే జరిగింది. కొన్న రోజే ప్లాస్టిక్ తొడుగులు కూడా తెచ్చుకొని, వెనకవైపు కనబడని రకం ఎంచుకొని, పాత్రల కార్డులకూ క్వెస్టు కార్డులకూ కలిపి తొడిగించండి. తినేవి ఆట ముగిశాకే వడ్డించండి.